బేత్లెహేము బావి నీళ్లు

(ధ్యానము: 2 సమూయేలు 23:15–17)



దావీదు దప్పిగొని బేత్లెహేము బావినీళ్లు కోరెను. ముగ్గురు వీరులు శత్రువుల దండులోనుండి చొచ్చుకొనిపోయి తెచ్చిరి. అయితే ఆ నీళ్లలో వారి ప్రాణముల వెల యున్నదని గ్రహించి, అతడు త్రాగక ప్రభువు సన్నిధిని పారబోసెను. కొనువాడు ఇచ్చు ధరయే వస్తువుయొక్క పూర్తి వెల కాదని దీనివలన నేర్చుకొనుచున్నాము.

నేడు లోకములో ఈ ప్రశ్నయే లేచియున్నది. బొగ్గు కొలిమిలో 1 టన్ను ఉక్కు చేయుటకు సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువు పైకిపోవును. అది భూమిని వేడిచేసి వానల క్రమమును చెరుపుచున్నది. మన దేశపు ఉక్కును యూరోపువారు కొందురు. పొగ లెక్క మాత్రము మన పేరనే వ్రాయబడును. ఆ భారము చేసినవానిదా, కొన్నవానిదా?

ఇది మనకు దూరపు సంగతి కాదు. సింగరేణి బొగ్గు రామగుండములో కాలును. అక్కడి కరెంటు కర్ణాటక, తమిళనాడు, కేరళలలో కూడ దీపములు వెలిగించును. బూడిద మన గోదావరి యొడ్డున మిగులును.

2026 జనవరి 1 నుండి యూరోపు యూనియన్‌లోనికి వచ్చు ఉక్కు, అల్యూమినియము, సిమెంటు, ఎరువులు మొదలగువాటి వాయువునకు అక్కడి దిగుమతిదారులు మూల్యము చెల్లింపవలెనని చట్టము. తమ కార్ఖానాలు చెల్లించుచుండగా బయటి సరకు ఊరక రాకూడదని వారి వాదము. అందులో కొంత న్యాయము లేకపోలేదు. అయితే తరతరములుగా బొగ్గు కాల్చి ధనవంతులైనవారు తమ పాత పొగను విడిచి, బీదవాని నేటి పొగనే తూచవచ్చునా? ఆ సొమ్ము వారి ఖజానాకే చేరవచ్చునా? సంచిలో రెండు విధముల రాళ్లుంచుకొను వర్తకుని దేవుడు సహింపడు (సామెతలు 20:10).

అయినను, వారి తప్పు చూపి మనము తప్పించుకొనరాదు. సరకు చేసిన దేశములోనే అట్టి మూల్యము చెల్లించినయెడల, దానిని తగ్గింతుమని ఆ చట్టమే చెప్పుచున్నది. ఆ సొమ్ము ఇక్కడనే నిలిచి, మన కొలుములను మార్చుటకును, గని కార్మికుల బిడ్డలకు వేరొక జీవనాధారము చూపుటకును వినియోగపడుట మేలు కాదా?

మనమును కొనువారమే. చైనాలో చేసిన భాగములు గల సెల్‌ఫోను మన జేబులో నున్నది. ఆ భాగముల పొగ చైనా లెక్కలో నున్నది. పిలాతు చేతులు కడుగుకొనెను గాని బాధ్యతను కడుగుకొనలేకపోయెను.

కాబట్టి చేసినవాడును, కొన్నవాడును ఈ భారమును కలిసి మోయవలెను. ఎక్కువ పొందినవాడు ఎక్కువ మోయవలెను (లూకా 12:48). దావీదు నీళ్లు తెచ్చినవారిమీద నేరము మోపలేదు. ఆ కోరిక తనదని ఎరిగియుండెను. సంతలో చేయి చాచునప్పుడు మనకును అట్టి మనస్సు ప్రభువు దయచేయును గాక. ఆమేన్.