అనుభావం లేని అనుభవం: స్కిజోఫ్రీనియా, భావప్రకటన, నైతిక ప్రశ్న

చెల్లెలి పెళ్లిపందిట్లో నవ్వని అన్ననూ, తండ్రి శవం దగ్గర కన్నీరు పెట్టని కొడుకునూ బంధువులు ఇట్టే కనిపెడతారు. ‘వీడికేమీ పట్టదు’ అంటారు. అతడు స్కిజోఫ్రీనియాతో జీవిస్తున్నాడని తెలిస్తే ఆ మాట ‘పాపం, వాడికేమీ తెలియదు’ అని మారుతుంది. మొదటిది నింద, రెండవది జాలి. బయట కనిపించనిది లోపల లేదన్న ఊహ మాత్రం రెండింటికీ ఒకటే. ఆ ఊహకు ఆధారమెంత అన్నది పరిశీలించదగినది.

ఈ పేరును 1908లో ప్రతిపాదించిన స్విస్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ భావవైకల్యాన్ని వ్యాధి మౌలిక లక్షణాలలో చేర్చాడు. కదలని ముఖం, హెచ్చుతగ్గులు లేని గొంతు వైద్యులకు నేటికీ గుర్తులే. అయితే ఆన్ క్రింగ్, ఆమె సహపరిశోధకులు 1993లో ప్రచురించిన అధ్యయనం ఆ గుర్తుల అర్థాన్ని ప్రశ్నించింది. ఉద్వేగం కలిగించే చలనచిత్ర ఖండికలు చూసేటప్పుడు రోగుల ముఖాలలో మార్పు ఇతరులకంటే తక్కువ. తమకు కలిగినట్లు వారు చెప్పిన భావాలు మాత్రం ఇతరుల భావాలకు తీసిపోలేదు. పైగా ఈ వ్యాధికి వాడే కొన్ని మందులే ముఖకవళికలను బిగుసుకుపోయేలా చేస్తాయి. మందు బిగించిన ముఖాన్ని చూసి మనసు కదలలేదనడం విచిత్రమైన తర్కం.

అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ లోపించినది అనుభావం, అనుభవం కాదు. భరతుడు స్తంభాన్ని సాత్త్వికభావాలలోనూ, జడతను వ్యభిచారిభావాలలోనూ చేర్చాడు. హర్షం, భయం, శోకం మితిమీరినప్పుడూ మనిషి నిశ్చలుడు కావచ్చునని ఆ శాస్త్రానికి తెలుసు. ఈ పోలికను సాగదీయరాదు. స్తంభం వ్యాధిలక్షణం కాదు. రంగస్థలంపై స్తంభించిన పాత్ర ప్రేక్షకునికి అర్థమయ్యేది విభావం అతని కళ్లెదుటే ఉండటం వల్ల. రోగికి వినిపించే గొంతులు ఇంట్లో మరెవరికీ వినిపించవు. అదీగాక అనుభావప్రదర్శన నటుని బాధ్యత. దానిని పెళ్లిపందిట్లో నిలబడిన మనిషిపై మోపడం అన్యాయం.

అయినా ఈ వాదం ఏళ్ల తరబడి అన్నం వడ్డిస్తూ ఒక్క చిరునవ్వైనా ఎరుగని తల్లికి సరిపోదు. ఆమె బాధను అజ్ఞానమని కొట్టివేయరాదు. కుటుంబంలో ప్రేమ చూపుల ద్వారా, మాటల ద్వారానే చేరుతుంది. ఆమె నిజంగానే ఒకటి కోల్పోయింది. కోల్పోయినది కొడుకు ప్రేమా, దాని ఆనవాలా అన్నదే ప్రశ్న. దానికి జవాబు చెప్పగలవాడు కొడుకే. ‘నాకు సంతోషంగానే ఉంది’ అని అతడు చదునైన గొంతుతో చెబితే ఎవరూ నమ్మరు. వక్తపై గల చులకన భావం వల్ల అతని మాట విలువ తగ్గించడాన్ని మిరాండా ఫ్రికర్ 2007లో జ్ఞానసంబంధమైన అన్యాయంగా వివరించింది.

భ్రాంతికి లోనైనవాని మాట ఎలా నమ్మడమన్న ఆక్షేపణ బలమైనదే. కాని ఎవరో వెంటాడుతున్నారన్న అతని నమ్మకం తప్పయినా, భయపడుతున్నానన్న మాట తప్పు కాదు. భారత మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగా రాసిపెట్టుకొనే హక్కును రోగికి ఇచ్చింది. చికిత్స విషయంలో చట్టం వినదలచిన ఆ గొంతును సంతోషదుఃఖాల విషయంలో ఇల్లు ఇంకా వినడం లేదు.