కవచం కింది బట్ట

చదవవలసిన భాగం: నిర్గమకాండము 28:31–43

రెడ్‌మండ్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చి నెల తిరక్కుండానే మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాను. కారణం మనవడు. వాడికి హేలో అనే వీడియో గేమ్ పిచ్చి. 2001 నవంబరులో వచ్చిన ఆట, వాడు పుట్టకముందుది. దాన్ని తయారుచేసిన వాళ్లు అప్పట్లో ఈ ఊళ్లోనే ఉండేవారట. అందులో వీరుడి పేరు మాస్టర్ చీఫ్. ఆటలో ఎప్పుడు చూసినా తల నుంచి పాదం దాకా ఆకుపచ్చ కవచంలోనే ఉంటాడు. ఆ వేషం కట్టి సియాటిల్‌లో జరిగే గేమర్ల సంబరానికి వెళ్లాలని వీడి కోరిక. కాస్‌ప్లే అంటారట. నాకు మా ఊరి పగటివేషగాళ్లు గుర్తొచ్చారు.

కవచమంతా వాడే చేసుకున్నాడు. గ్యారేజీలో ఫోమ్ షీట్లు కోసి, హీట్ గన్‌తో వేడిచేసి వంచి, జిగురు పెట్టి అతికించి రంగు వేశాడు. ఛాతీ పలక, భుజాలు, తొడలు, మోకాలి చిప్పలు గోడకి ఆనించి వరసగా పెట్టాడు. చూస్తే ముచ్చటేసింది. తీరా వేసుకోబోతే ఒక్కటీ నిలవలేదు. భుజాలు జారాయి, తొడ పలకలు పిక్కల మీదికి దిగాయి. మెడ దగ్గర, చంకల్లో, మోచేతి మడతలో వాడి ఎర్ర టీషర్టు కనబడుతోంది.

“అమ్మమ్మా, లోపల వేసుకునే నల్ల సూటు కుట్టిపెట్టవా?”

నలభై ఏళ్లు రవికలు కుట్టిన చెయ్యి కదా, ఇదెంత అనుకున్నాను. ఆ బట్ట నా గర్వం అణిచింది. నిలువునా సాగుతుంది, అడ్డంగానూ సాగుతుంది. రవికకి కొలత తీస్తే కాస్త లూజు కలుపుతాం. దీనికి ఒంటి కొలత కన్నా తగ్గించి కత్తిరించాలి, లేకపోతే కవచం కింద ముడతలు పడి ఒరుసుకుంటుంది. మామూలు సూది దీని పోగుల్ని తెంపేస్తుంది. మొన గుండ్రంగా ఉన్న సూదైతే పోగుల్ని పక్కకి జరిపి దారి చేసుకుంటుంది. సూది మార్చానుగానీ కుట్టు మార్చలేదు. అలవాటైన తిన్నటి కుట్టే వేశాను, చూడ్డానికి గీత గీసినట్టు వచ్చింది.

వాడు తొడుక్కుని, మాస్టర్ చీఫ్‌లా ఒక మోకాలి మీద కూర్చున్నాడు. వెనక కుట్టు పరపరా పిగిలిపోయింది.

“కుదురుగా కూర్చోవడం రాదురా నీకు?” అని కసిరాను. వాడు మాట్లాడకుండా సూటు విప్పి కుర్చీ మీద వేసి వెళ్లిపోయాడు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థన నేనే చేశాను. సమాధానం గురించి, సహనం గురించి చాలా చక్కగా చేశాను. అమ్మాయి గట్టిగా ఆమేన్ అంది. వాడు తల దించుకుని కూర్చున్నాడు.

నిద్రపట్టక నిర్గమకాండం తీశాను. ఇరవై ఎనిమిదో అధ్యాయమంతా యాజకుల బట్టల కొలతలే. కుట్టుపనిదాన్ని కాబట్టి నాకు మొదటినుంచీ ఇష్టం. ఏఫోదు, పన్నెండు రాళ్ల పతకం, నీలి నిలువుటంగీ. ఆ అంగీ అంచు చుట్టూ దానిమ్మపండ్లు, మధ్యమధ్య బంగారు గంటలు. అహరోను లోపలికి వెళ్తున్నా బయటికి వస్తున్నా ఆ చప్పుడు వినబడాలి. గంటల మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. నలభై రెండో వచనంలో ఉన్న నార లాగుల మీద ఒక్కటీ వినలేదు. బహుశా చెప్పడానికి సిగ్గు కాబోలు. దేవుడు సిగ్గుపడలేదు. నడుము నుంచి తొడల దాకా అని కొలత చెప్పాడు. ఆ లాగుల మీద ఏ గోత్రం పేరూ చెక్కలేదు, వాటికి గంటా కట్టలేదు. అవి లేకుండా పరిశుద్ధస్థలంలో సేవకు వస్తే మాత్రం ప్రాణానికే ముప్పు అన్నాడు.

మర్నాడు వాడే మాట కలిపాడు. పదిహేనో శతాబ్దపు ఇంగ్లిష్ రాతప్రతి ఒకటి న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో ఉందట. కాలినడకన పోరాడే యోధుడికి కవచం ఎలా తొడగాలో అందులో రాశారు. చొక్కా వద్దు, ముందు లోపలి అంగీ తొడగమంటుంది. శాటిన్ అస్తరు వేసిన ముతక బట్టతో కుట్టిన అంగీ అది. దానికి తాళ్లు కుట్టి ఇనప రేకుల్ని ఆ తాళ్లతో కట్టేవారు. రేకు కప్పలేని చంకలో, మోచేతి మడతలో ఇనప కడియాల అల్లికను ముక్కలుగా ఆ బట్టకే కుట్టేవారు. “మన సూటు కూడా అదే కదా అమ్మమ్మా” అన్నాడు. ఆటలో ఆ నల్ల సూటు లోపల ఒక జెల్ పొర ఉంటుందట, ఒంటి తీరుకి అదే సర్దుకుంటుందట.

“నిన్న పిగిలింది నీ వల్ల కాదు నాన్నా. బట్ట సాగింది, నా కుట్టు సాగలేదు. నిన్ను కసరడం నా తప్పు” అన్నాను.

“ఓకే అమ్మమ్మా” అన్నాడు. వాడి ఓకేలో ఎంత ఉందో నాకు తెలియలేదు. పక్కనే కూర్చుని పాత దారాలు లాగడం మొదలెట్టాడు.

విప్పడానికే సగం రోజు పట్టింది. ఈసారి అడుగడుగునా కాస్త జాగా ఉంచుతూ వంకర కుట్టు వేశాను. లాగితే వంకర తిన్ననవుతుంది, వదిలితే మళ్లీ ముడుచుకుంటుంది. చంక కింద నాలుగు పలకల ముక్క అతికాను, చెయ్యెత్తినప్పుడు నడుము దగ్గర పైకి లాగకుండా. ప్రెస్ బటన్లు పెట్టేచోట లోపలివైపు గట్టి నాడా వేసి కుట్టాను. లేకపోతే ఫోమ్ బరువుకి ఆ పలచటి బట్ట చిరిగి ఊరుకుంటుంది. వాడు మళ్లీ మోకాలి మీద కూర్చున్నాడు. ఇద్దరం చెవులు రిక్కించాం.

ముప్పై తొమ్మిదో అధ్యాయంలో పని పూర్తయి, మోషే ముందుకి అన్నీ వస్తాయి. ఆ అధ్యాయంలో కుట్టిన బట్టల లెక్కలో నార లాగులూ ఉన్నాయి. మోషే పనంతా చూసి దీవించాడు.

ప్రార్థన: ప్రభువా, నా గంటల చప్పుడు నీవు చాలాసార్లు విన్నావు. ఈ వేళ నన్ను తిరగేసి లోపలి కుట్లు చూడు. తిన్నగా కనబడుతూ సాగని కుట్లు నీ చేత్తోనే విప్పు. వంటింట్లో, మిషన్ దగ్గర, ఆ పిల్లవాడి ఎదుట నేను మాట్లాడే మాట రాత్రి నీ ఎదుట మాట్లాడే మాటకు సరిపోయేలా మళ్లీ కుట్టు. శనివారం వాడు సియాటిల్ వెళ్తున్నాడు, క్షేమంగా ఇంటికి చేర్చు. ఆమేన్.