రథకారుని ప్రమాణము

చిత్తూరు జిల్లా ఐరాల మండలమందలి కాణిపాకమున, బాహుదా తీరమున వెలసిన వరసిద్ధి వినాయకుని సన్నిధిలో అసత్యప్రమాణము చేసినవాడు శిక్ష తప్పించుకొనజాలడని జనుల దృఢవిశ్వాసము. క్రొత్త వాహనమునకు పసుపుకుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి పూజ చేయించుటకు ఆ స్వామి కడకే వచ్చువారును పెక్కుమంది. ఈ రెండాచారములకును సంబంధమేమని ఎవరును అడుగరు. విద్యుద్రథములు వచ్చిన ఈ కాలమున అడుగవలసియున్నది.

కఠోపనిషత్తు శరీరమును రథముగను, ఆత్మను రథిగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను నిరూపించినది. ఆ రూపకమున రథకారునికి చోటు లేదు. ఏలయన నాటి రథము పగ్గము లాగినట్లు పోవునదే. మహీంద్రావారి సంస్థయగు ఆటోమొబిలి పినిన్‌ఫరీనా 2019లో జెనీవాలో ఆవిష్కరించిన బటిస్టా విద్యుత్ కారును అట్లనరాదు. అందు చక్రమునకొక్కటి చొప్పున నాలుగు మోటార్లు, మొత్తము 1,900 అశ్వశక్తి; నిలిచినచోటినుండి గంటకు 100 కిలోమీటర్ల వేగమును రెండు సెకన్లలోపుననే అందుకొనును. (మూషికముతో తృప్తిపడిన దేవుని యెదుట ఇన్ని గుఱ్ఱములను నిలుపుట వినోదమే.) పెట్రోలు ఇంజను బలము పుంజుకొనుటకు కొంత తిరుగవలెను, విద్యుత్ మోటారు తొలి క్షణముననే తన బలమును చూపును. అంత బలమును ఏ చక్రమునకెంత పంచవలెనో యోచించుటకు మానవబుద్ధికి వ్యవధి యేది? యాక్సిలరేటరు త్రొక్కువాడు కోరిక మాత్రమే తెలుపును. ఏ చక్రము జాఱుచున్నదో, బ్యాటరీ సెల్లు ఎంత వేడెక్కినదో కనిపెట్టి పగ్గము బిగించునది నియంత్రణయంత్రము, అనగా దానికి ముందే నియమములు వ్రాసియుంచిన రూపశిల్పి.

కావున నిగ్రహము సారథి సాధించు గుణముగాక, రథముతోపాటు కొనితెచ్చుకొను వస్తువైనది. ఇది ధర్మహానియని కొందఱందురు. నేననను, బాధ్యత నశింపలేదు, చేతులు మాఱినది, అంతే. ప్రమాణమునకు నిలువవలసినవాడిప్పుడు రథకారుడు. 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా బ్యాటరీసంస్థ మూలమున ఈ సీమవారికి బ్యాటరీ పరిచితవస్తువే. కాని లిథియము సెల్లు హద్దుమీఱి వేడెక్కినచో ఆ వేడి ప్రక్క సెల్లునకు ప్రాకి అగ్నియగును, ఆ హద్దు ఎక్కడనున్నదో కొన్నవానికి తెలియదు; రథకారుడే చెప్పవలెను.

అన్నయగు శంఖుని తోటలో అనుమతి లేక ఫలము తిన్న లిఖితుడు, అన్న పంపగా రాజు కడకేగి తన దోషమును తానే చెప్పి దండన కోరి, చేతులు కోల్పోయి, బాహుదలో మునిగి మరల పొందెనని మహాభారతకథ. రూపశిల్పికి వలసిన శీలమిట్టిది: ఒక్క ఛార్జితో నిజముగ ఎంతదూరము పోవునో, ఎండలో బలమెంత తగ్గునో, తాము పరీక్షింపనిదేదో అడుగకమునుపే చెప్పుట. అట్లు చెప్పని సంస్థ కారు ఎంత వేగముగ పోవునదైనను కొనదగినది కాదు.