లవంగ నూనె, అహింస

పండుగప్ప హేచరీలో తల్లిచేపకు హార్మోను సూది వేసేముందు లవంగ నూనె కొద్దిగా కలిపిన నీటిలో దాన్ని ఉంచితే, ఆ నూనెలోని యూజినాల్ అనే ద్రవ్యం మొప్పల గుండా రక్తంలో చేరి, నాడులను మందగింపజేసి, చేపను కాసేపు స్పృహ తప్పిస్తుంది. పెనుగులాటను తగ్గించే ఈ ఉపాయం కరుణా, కేవలం పనిలో సౌలభ్యమా అన్నది విజ్ఞానశాస్త్రం ఒక్కటే తేల్చగల ప్రశ్న కాదు. ఉమాస్వాతి రచించిన జైన గ్రంథం తత్త్వార్థసూత్రం హింసను ప్రమాదంతో కూడిన ప్రాణహరణంగా నిర్వచించింది. ఇక్కడ ప్రమాదమంటే నేటి తెలుగులోని ఆపద కాదు, రాగద్వేషాలకు లోనైన మనసు ఏమరుపాటు. ఈ కొలతతో చూస్తే నొప్పి తగ్గినంత మాత్రాన హింస తగ్గినట్టు కాదు, ఎందుకంటే ఆ తల్లిచేప సంతతిని పెంచి సంతకు పంపాలన్న సంకల్పం చెక్కుచెదరకుండానే ఉంటుంది. అయితే బాధను గమనించే శ్రద్ధ కూడా మనసు మేల్కొని ఉండటానికి గుర్తే కనుక, జైన నిర్వచనం ఆ శ్రద్ధను అంత సులువుగా తోసిపుచ్చలేదు.