డల్లాస్ ఎంత దూరం?

హైదరాబాద్ సైనిక్‌పురిలో మా వీధిలోనే ఉండే ఒక విశ్రాంత సైనికాధికారి ఇంట్లో హాలు గోడకు రెండు గడియారాలుంటాయి. ఒకటి మన టైముకు, రెండోది కొడుకు కుటుంబం ఉండే డల్లాస్ టైముకు నడుస్తుంది. ఏటా మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో టైము మారుతుంది కదా, అప్పుడు ఆయన స్టూలెక్కి ఆ రెండో గడియారాన్ని గంట ముందుకో వెనక్కో తిప్పుతారు. ఆయన భార్య కింద స్టూలు కదలకుండా పట్టుకుంటారు. మనకు రాత్రి ఎనిమిదైతే అక్కడ చలికాలంలో ఉదయం ఎనిమిదిన్నర, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. ఈ దంపతుల రాత్రి భోజనం ఎన్నింటికో ఆ గడియారమే చెబుతుంది.

శంషాబాద్ విమానాశ్రయం నుంచి డల్లాస్‌కు గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. మ్యాపు చూసి పడమటికే పోవాలనుకుంటాం గానీ, ఆ ఊరు ఇంచుమించు భూమికి అవతలి వైపున ఉండటంతో దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున ఎక్కడా దిగకుండా ఎగిరినా 16 గంటలు. నేరుగా పోయే విమానం లేదు కాబట్టి దోహాలోనో దుబాయ్‌లోనో మారాలి. ఇల్లు కదిలిన దగ్గర్నుంచి ఆ ఇంటి గుమ్మం తొక్కేదాకా ఒక పగలూ ఒక రాత్రీ దాటిపోతాయి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం వేస్తే పిల్లలు ఆ వైపున్నవాళ్లు ఎంతో ఆశపడ్డారు. అది కొన్నాళ్లే నడిచింది.

అలాంటి విమానాలు మళ్లీ రావాలి, ఇంకా రావాలి. అయితే గుండెపోటు వచ్చిన మనిషికి మొదటి గంటే ప్రాణం. పదహారు గంటలు పదికి దిగినా ఆ గంటలోపు కొడుకు రాలేడు. అందులో అతని తప్పేమీ లేదు. ఈ లెక్కను ఒప్పుకోనంతకాలం ఇక్కడ తల్లిదండ్రులకు బెంగ, అక్కడ పిల్లలకు మనసులో ములుకు తప్పవు.

నిజానికి ఫౌజీ కుటుంబాలకు ఈ బతుకు తెలియంది కాదు. అప్పట్లో భర్తకు ఉత్తరం రాస్తే చిరునామాలో ఊరి పేరే ఉండేది కాదు. 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో సైనిక తపాలా నంబరు రాసి ఇన్‌లాండ్ లెటర్ డబ్బాలో వేసేవారు. మనిషి ఏ కొండ మీద ఉన్నాడో తెలియదు. నొప్పులొస్తే క్వార్టర్స్‌లో పక్కింటి పంజాబీ ఆవిడో మలయాళీ ఆవిడో ఆస్పత్రికి తీసుకెళ్లేది. పెద్దపిల్లలకు ఆ పూట అన్నం ఆ ఇంట్లోనే. టెలిగ్రాం అంది, సెలవు దొరికి, రైలెక్కి ఆ తండ్రి వచ్చేసరికి బిడ్డ కళ్లు తెరిచి చూస్తుండేది. ఆ సంసారాలను నిలబెట్టింది పక్కింటివాళ్లే.

ఇవాళ మనవరాలి ముఖం రోజూ ఫోన్లో చూసుకుంటున్నాం. ఆ భాగ్యం చిన్నదేం కాదు. కానీ పాత పెంకుటిళ్లూ డాబాలూ పోయి అపార్ట్‌మెంట్లు లేచినకొద్దీ, ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటున్నారో తెలియకుండా ఏళ్లు గడిచిపోతున్నాయి. డల్లాస్ దూరం మన చేతుల్లో లేదు. ఈ ఎదురింటి దూరం మాత్రం మనం చేజేతులా పెంచుకున్నదే.

ఈ ఆదివారం పక్కింటి తలుపు తట్టండి. ఒక తాళంచెవి వాళ్ల దగ్గర ఉంచండి. వాళ్ల నంబరు మీ పిల్లలకూ, మీ పిల్లల నంబరు వాళ్లకూ ఇవ్వండి. మీరు వాడే మందుల పేర్లు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. వాళ్ల తాళంచెవి కూడా అడిగి తీసుకోండి.