గడ్డ తవ్వే చేతి ధర్మం

ఆత్మకూరులో ఇళ్ల ముందు నీడపట్టున, కుండీల్లో, దూదిలా మెత్తగా కనబడే పచ్చని మొక్కను ఫెర్న్ అని పెంచుకుంటారు. మా నల్లమలలో పెరిగే పిల్లిపీచరకు అది దగ్గరి చుట్టం. నిజానికి రెండూ ఫెర్న్‌లు కావు. ఫెర్న్‌కు పూలుండవు, విత్తనాలుండవు. పిల్లిపీచరకు తెల్లని వాసన పూలు, ఎర్రని పండ్లు ఉంటాయి. మనం ఆకులనుకునే సన్నని పోగులు కూడా కొమ్మలే.

చూసేవాళ్లకు పైనున్న పచ్చదనం చాలు. అడవిని నమ్ముకున్న చెంచులం మేము కింద ఉన్న గడ్డల గుత్తిని కూడా చూస్తాం. శతావరి పేరుతో మందుల అంగడికి పోయేది ఆ గడ్డే. బాలింతకు పాలు పడతాయని పెట్టేదీ అదే.

ఇప్పుడు చాలామంది ఒక మాట అంటున్నారు: పెరట్లో పెంచితే అడవి మిగులుతుంది కదా అని. మొక్క ఎలా వచ్చిందని ముందు అడగాలి. అడవిలో వేళ్లతో పెకలించి తెచ్చి పెరట్లో నాటితే అడవికి మిగిలింది గుంతే. పండిన కాయలు ఏరి, విత్తనం నాటి పెంచితేనే ఆ మాట నిజమవుతుంది.

ఎండాకాలంలో తీగ ఎండిపోతుంది. నీళ్లు దాచుకున్న గడ్డల బలంతో తొలకరికి మళ్లీ మొలుస్తుంది. అందుకే తవ్వేటప్పుడు కొన్ని గడ్డలు తీసుకుని, మొదలు కదలకుండా మిగిలినవి వదిలి, మన్ను కప్పాలి.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై మాకు యాజమాన్య హక్కునిచ్చింది. అదే చట్టం 5వ సెక్షన్‌లో అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభ చేతిలో పెట్టింది. హక్కును గట్టిగా అడిగే మనం ఈ రెండో మాటనూ అంతే గట్టిగా పట్టుకోవాలి.

ఆకలితో ఉన్నవాడికి సగం వదలమని చెప్పడం న్యాయమా? ఒక్కడికే చెబితే న్యాయం కాదు. ఎక్కువ తెస్తేనే కూలి గిట్టేటట్టు ధర కట్టే కొనుగోలుదారుడిదీ ఆ గుంతలో భాగమే. సగానికే కడుపు నిండే ధర ఇస్తే, మిగతా సగం భూమిలో ఉంటుంది. ధర అడగకుండా ధర్మం మాత్రం చెప్పేవాళ్ల మాట మేము వినం.

బడి తోటలో, చెట్ల నీడన, పిల్లలతో విత్తనాలే నాటిద్దాం. గడ్డ ఊరడానికి ఏడాదిన్నర పైనే పడుతుంది. ఆ ఓపిక కూడా పాఠమే.