జాలిమ్ మనవాడైనా జుల్మ్ జుల్మే

 

శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గరలోని ఒక మస్జిద్‌లో జుమా నమాజు తర్వాత ఒక యువకుడు నన్నడిగాడు: "హజ్రత్! నిజాం ముస్లిం పాలకుడే కదా! ఆయన పాలనలోని చెడును మనమే చెప్పుకోవటం తగునా?"

దీనికి జవాబు అభిమానంలో కాదు, ధర్మంలో వెతకాలి. సాక్ష్యం తమకూ, తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకమైనా సరే, విశ్వాసులు న్యాయం మీదే నిలబడాలని దివ్య ఖుర్ఆన్ (4:135) ఆదేశిస్తోంది.

ఇక చరిత్ర చూడండి. 1798 ఒప్పందంతో నిజాం రాజ్యం ఆంగ్లేయుల సైన్యం నీడలోకి వెళ్ళింది. సింహాసనానికి కాపలా బయటివారిదైనప్పుడు ప్రజల మొర వినవలసిన అవసరం పాలకుడికి తగ్గిపోతుంది. పల్లెల్లో దేశముఖులు, అధికారులు పేదలచేత వెట్టి చేయించుకున్నారు, భూములు లాక్కున్నారు. కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన భూమి కోసం విస్నూరు దేశముఖ్‌ను ఎదిరించి కోర్టుకెక్కాడు. 1940లో అతన్ని చంపేశారు. ముస్లిం పాలకుని రాజ్యంలో ముస్లిం రైతుకే రక్షణ దొరకలేదు! 1946 జూలై 4న కడవెండిలో అదే దేశముఖ్ మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలయ్యాడు. ఏళ్ళ తరబడి గుండెల్లో అణచుకున్న బాధ సాయుధ పోరాటమై రగిలింది.

దౌర్జన్యపరుడైన పాలకుని ఎదుట సత్యం పలకటం శ్రేష్ఠమైన జిహాద్ అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు (అబూ దావూద్, తిర్మిజీ). 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్ల ఆగడాలను కలంతో ఖండించారు. అందుకే 1948 ఆగస్టులో హైదరాబాదులో హత్యకు గురయ్యారు.

అయితే పాలకుని తప్పుకు ప్రజలను శిక్షించటం కూడా జుల్మే. ఒకరి పాపభారం మరొకరు మోయరని ఖుర్ఆన్ (6:164) చెబుతోంది. అయినా 1948 సెప్టెంబరు పోలీసు చర్య రోజుల్లో ఏ పాపం ఎరుగని ముస్లిం కుటుంబాలెన్నో బలైపోయాయి.

సోదరులారా! జుల్మ్ రాజమహల్‌లోనే ఉండదు. గల్ఫ్‌లో కఫీల్ మన బిడ్డ జీతం ఆపితే కన్నీళ్ళు పెట్టుకుంటాం. మరి మన ఇంట్లో అంట్లు తోమే ఆమె జీతం, మనల్ని విమానాశ్రయంలో దింపిన డ్రైవరు కూలి వేళకు ఇస్తున్నామా? ఇవ్వకపోతే అది మన ఇంటి వెట్టి కాదా? పీడితుని మొరకూ అల్లాహ్‌కూ మధ్య ఏ తెరా లేదన్న హదీసును మరవకండి.

ఓ అల్లాహ్! మమ్మల్ని జాలిములుగా చేయకు, జాలిములకు అండగానూ నిలబెట్టకు. ఆమీన్.